ఐపీఏ సీసాలో పట్టించుకుని అనంతపురం తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: అన్నా, నాకు మామూలు బీర్లంటే పెద్ద ఇష్టం లేదు, కానీ బెంగళూరులో ఫ్రెండ్స్‌తో ఎప్పుడూ పోయే బ్రూవరీలో ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదెక్కువ బీరు) తాగినాక దానికి ఫిదా అయిపోయినా. మొన్న మా ఫ్రెండ్ రూంలో ఎండాకాలమంతా బీరువా మీద పడి ఉన్న ఐపీఏ క్యాన్ ఓపెన్ చేస్తే ఆ వాసనే లేదు, ఉత్త చేదు. బ్రూవరీ నుంచే ఫ్రెష్‌గా సీసాలో పట్టించుకుని అనంతపురం తెచ్చుకుంటే రుచి నిలుస్తుందా? ఒకప్పుడు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో నెలల తరబడి వచ్చిన బీరే గదా ఇది?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిలవదు తమ్ముడూ. ఓడల్లో వచ్చిన ఐపీఏ వేరు, నువ్వు ఇష్టపడిన ఐపీఏ వేరు, పేరు మాత్రం అదే.

18వ శతాబ్దం చివర్లో లండన్‌కు తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ ఉండేది, ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దానికి దగ్గర, కెప్టెన్లు అక్కడే పీపాలు ఎక్కించుకుని ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తర్వాత మద్రాసుకో కలకత్తాకో చేరేవాళ్ళు. ఇండియా కోసమే ప్రత్యేకంగా కనిపెట్టినారని అందరూ చెప్తారు గానీ అది నిజం కాదు, అట్లాంటి బీరు ఇంగ్లండ్‌లో ముందే ఉంది, పోర్టర్ అనే నల్లటి బీరు కూడా ఇవే ఓడల్లో వచ్చేది. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు) బీరును పాడుచేసే బ్యాక్టీరియాను అణచిపెడతాయి, అది మాత్రం నిజమే. పీపాలో అన్ని నెలలు ఊగి ఊగి మాగిన రుచే అప్పటి వాళ్ళకు కావాల్సింది.

1820ల్లో బర్టన్ అనే ఊరి నుంచి ఆల్సాప్, బాస్ కంపెనీలు పోటీకి దిగినాయి, వాళ్ళకు కలిసొచ్చింది నీళ్ళు. ఆ ఊరి బావి నీళ్ళలో జిప్సం ఎక్కువ. మనోళ్ళు చెనిక్కాయకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు వేస్తారే, అదే జిప్సం! దాంట్లోని సల్ఫేట్ వల్ల చేదు జిడ్డుగా నాలుకకు అంటుకోకుండా పదునుగా తగిలి పోతుంది. ఇప్పటికీ చాలామంది బ్రూవర్లు ఐపీఏ కాచే నీళ్ళలో జిప్సం కలుపుతారు. నాకైతే ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఐపీఏ మీద ఇష్టం ఇంకా పెరిగింది.

ఇప్పటి క్రాఫ్ట్ ఐపీఏ దారి మార్చింది అమెరికా వాళ్ళు. 1972లో కాస్కేడ్ అనే హాప్ వచ్చింది, చాలా ఏళ్ళ తర్వాత సిట్రా, మొజాయిక్ వచ్చినాయి, నీకు గ్లాసులో తగిలే మామిడిపండు, నారింజ తొక్క, బత్తాయి వాసనలన్నీ ఇట్లాంటి హాప్స్‌వే, పండు రసం ఏమీ కలపరు. హాప్స్‌ను ఎక్కువసేపు మరిగిస్తే చేదు దిగుతుంది గానీ వాసన ఎగిరిపోతుంది, అందుకే రసం దించేటప్పుడు కొత్తిమీర వేసినట్టు, బీరు పులిసినాక మళ్ళీ కొన్ని హాప్స్ వేసి నానబెడతారు, దీన్నే డ్రై హాపింగ్ అంటారు. ఆ వాసనంతా సున్నితమైన నూనెలు. గాలి తగిలినా వేడి తగిలినా ముందు పోయేది అదే, చేదు మాత్రం అంత తొందరగా పోదు, కాబట్టి మీ ఫ్రెండ్ క్యాన్‌లో ఉత్త చేదు మిగిలింది. తయారుచేసిన వాళ్ళ తప్పేం లేదు, ఎండాకాలం బీరువా మీద పెట్టడమే తప్పు. ట్యాప్ నుంచి సీసాలో పట్టినప్పుడు గాలి ఎట్లాగూ దూరుతుంది, ఆపైన మన ఎండలో రెండొందల కిలోమీటర్ల పైన ప్రయాణం, ఇంకేం మిగుల్తుంది చెప్పు. పైగా కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర పక్క రాష్ట్రం మందుతో దొరికితే కేసు అవుతుంది, ఆ తలనొప్పి వద్దే వద్దు.

బెంగళూరుకే పో, కారు కాదు రైల్లో పో. ట్యాప్ దగ్గర ఈ బ్యాచ్ ఎప్పటిదని అడుగు, మంచి బ్రూవరీలో సంతోషంగా చెప్తారు. గ్లాసు రాగానే తాగేయొద్దు, నురుగు మీద ముక్కు పెట్టి ఒకసారి వాసన పీల్చు. మరీ ఐసులా ఉంటే వాసన తెలీదు, ఐదు నిమిషాలు వదిలేస్తే నురుగు గ్లాసు గోడకు గీతలు గీతలుగా పట్టుకుంటూ దిగుతుంది, అప్పుడు తాగు. ఐపీఏల్లో ఆల్కహాల్ సాధారణంగా ఆరు ఏడు శాతం దాకా ఉంటుంది, మామూలు బీరు, అంటే లాగర్‌లో, ఐదుకు అటూ ఇటూ, కాబట్టి లాగర్ తాగే స్పీడులో తాగితే తొందరగా ఎక్కుతుంది. క్యాన్ కొనాల్సి వస్తే ప్యాకింగ్ తేదీ చూసి, షాపు ఫ్రిజ్‌లో ఉన్నదే తీసుకో.

ప్రశ్న: సార్, ఐపీఏతో పాటు మిరపకాయ బజ్జీ తింటే నోరు భగ్గుమనింది. మామూలు బీరుతో ఇంత మంట రాదే, ఎందుకు?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: హాప్స్ చేదు, ఆల్కహాల్, గ్యాస్ మూడూ కలిసి కారాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి, లాగర్‌లో చేదు, ఆల్కహాల్ తక్కువ కాబట్టి మంట అంత తెలీదు. ఉప్పు చేదును తగ్గిస్తుంది, నూనె కూడా కొంచెం కాపాడుతుంది. అందుకే నా ఓటు ఎప్పుడూ ఉప్పేసి ఉడకబెట్టిన చెనిక్కాయలకే, తొక్క ఒలిచేటప్పుడు వేళ్ళకంటిన ఉప్పునీళ్ళతో సహా. ఉగ్గాని కూడా బాగుంటుంది, పక్కన బజ్జీ మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో హాప్స్, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) దొరుకుతున్నాయి. కడపలో మా ఇంట్లోనే ఐపీఏ చేసుకోవచ్చా అన్నా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. లైసెన్స్ లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, అమ్మకానికి కాదు ఇంట్లోకే అన్నా ఒప్పుకోరు.