కమ్యూనిటీ కాలేజీ బడ్జెట్ కమిటీలో విద్యార్థి ప్రతినిధిగా ఉండమంటున్నారు. హెచ్‌4 మీద ఉన్నదాన్ని, ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోండి. ఎందుకో చెప్పేముందు, కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: మీరు కాలిఫోర్నియాలో హెచ్‌4 వీసా (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చేది) మీద ఉంటూ మీ ఊరి కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ చదువుల ప్రభుత్వ కాలేజీలో, అకౌంటింగ్ సర్టిఫికెట్ చేస్తున్నారు. కాలేజీ ప్రెసిడెంట్ దగ్గర్నుంచి నెలనెలా పెద్ద లేఖ వస్తోంది. వర్క్‌ఫోర్స్ ట్రైనింగ్ (ఉద్యోగాలకు శిక్షణ) ఎక్కడిదాకా వచ్చింది, డీఈఐ (అన్ని వర్గాలకూ సమాన అవకాశం కల్పించే) పనులు ఏమయ్యాయి, షేర్డ్ గవర్నెన్స్‌లో (అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు కలిసి నిర్ణయాల్లో పాలుపంచుకునే పద్ధతిలో) ఏం తేలింది అని మూడు భాగాలు. మీరు దాన్ని తెరవడం లేదు. ఇంతలో మీ ప్రొఫెసర్, బడ్జెట్ కమిటీలో విద్యార్థుల సీటు ఖాళీగా ఉంది, వెళ్తారా అని అడిగారు. "వీసా మీద ఉన్న నా మాట, అందులోనూ ఈ యాసలో, ఎవరు వింటారు? పైగా పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకునే వేళ" అని మీ సందేహం.

నేనూ హెచ్‌4 మీదే వచ్చాను. ఇలాంటి కాలేజీలోనే చదివి, ఈఏడీ (పనిచేసే అనుమతి) వచ్చాక అక్కడే కెరీర్ ఎడ్యుకేషన్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. బోధనేతర సిబ్బంది తరఫున ఏళ్ళ తరబడి ఇలాంటి కమిటీల్లో కూర్చుంటున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. ఆ లేఖలో ట్రైనింగ్, డీఈఐ, గవర్నెన్స్ అని విడివిడిగా రాస్తారు గానీ, మొదటి రెండూ తేలేది మూడోదానిలోనే. ఏ కోర్సు ఉంటుంది, ఎవరికి అందుతుంది అన్నది మిమ్మల్ని రమ్మంటున్న ఆ గదిలోనే మొదలవుతుంది.

ముందు ట్రైనింగ్ సంగతి. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, దాదాపు 20 లక్షల మంది చదువుతారు. ఫీజు యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క) 46 డాలర్లు. 2012 నుంచి ఆ ఫీజు పెరగలేదు. రాష్ట్రంలో ఏడాది మీద ఒక రోజు నివాసం చూపించగలిగితే హెచ్‌4 వాళ్ళకూ అదే ఫీజు. ఇది తెలియక బయటి రాష్ట్రాల వాళ్ళ ఫీజు కట్టిన తెలుగువాళ్ళను చూశాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఫీజు ఇంత తక్కువ ఉండాలంటే మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. ఉద్యోగానికి పనికొచ్చే కోర్సుల కోసం 2016లో స్ట్రాంగ్ వర్క్‌ఫోర్స్ అనే ప్రత్యేక నిధి పెట్టారు. మొదట్లో ఏడాదికి 20 కోట్ల డాలర్లు. ఆ డబ్బు కావాలంటే చుట్టుపక్కల ఆ ఉద్యోగాలున్నాయని లెక్కలతో చూపించాలి. పైగా ప్రతి వృత్తి కోర్సునూ రెండేళ్ళకోసారి సమీక్షించాలని చట్టం చెబుతోంది: గిరాకీ ఉందా, పక్క కాలేజీలో ఉన్నదే ఇక్కడా పెట్టారా, చదివినవాళ్ళకు ఉపయోగపడిందా అని.

వినడానికి బాగానే ఉంది కదా. అసలు చిక్కు ఆ లెక్కల్లోనే. మా దగ్గర సాయంత్రం పూట బుక్‌కీపింగ్ క్లాసు ఒకటుండేది. టర్మ్ మొదట్లో నిండుగా ఉండి సగానికొచ్చేసరికి పలచబడేది. నివేదికలో "ఆసక్తి తగ్గుతోంది, సెక్షన్ తీసేయవచ్చు" అని వచ్చింది. బల్ల చుట్టూ డీన్లు, ప్రొఫెసర్లు, మేము, అందరం ఆ కాగితం చూస్తూ కూర్చున్నాం. విద్యార్థుల సీటులో ఒకావిడ ఉండేది. పగలు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేసి రాత్రి చదువుకునేది. ఆవిడ అంది, "క్లాసు వదిలేసరికి చివరి బస్సు వెళ్ళిపోతుంది. చలికాలంలో ఇక మానేస్తారు, ఇంకేం చేస్తారు?" అంతే. ఆసక్తి లేకపోవడం కాదు, ఇంటికి వెళ్ళే దారి లేకపోవడం. తర్వాతి టర్మ్‌లో క్లాసును ముందుకు జరిపారు, కొంత భాగం ఆన్‌లైన్ చేశారు. సెక్షన్ నిలిచింది. అంతమంది చదువుకున్నవాళ్ళం ఉన్నాం, బస్సెక్కే మనిషి ఒక్కరూ లేరు మాలో. ఆవిడ ఆ రోజు రాకపోయుంటే ఆ క్లాసు ఉండేది కాదు, దాని మీద ఆధారపడ్డవాళ్ళకు ఎందుకు పోయిందో కూడా తెలిసేది కాదు.

మీరు చదివేది అకౌంటింగ్ కాబట్టి ఇంకొకటి గమనించండి. 2025 జులైలో సంతకమైన ఫెడరల్ చట్టం పెల్ గ్రాంటును (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని) పొట్టి కోర్సులకూ వర్తింపజేసింది, 2026 జులై నుంచి అమలు. 8 వారాల నుంచి 15 వారాల లోపు శిక్షణలకు. అయితే చేరినవాళ్ళలో కనీసం 70 శాతం పూర్తి చేయాలి, 70 శాతానికి ఉద్యోగాలు రావాలి. హెచ్‌4 వాళ్ళకు పెల్ రాదు, అది నిజం. కానీ ప్రతి కాలేజీ తన కోర్సుల పొడవును, వేళలను ఈ షరతులకు తగ్గట్టు మార్చుకునే పనిలో పడుతుంది. నా భయం ఒకటుంది. ఆ 70 శాతం అందుకోవాలన్న తాపత్రయంలో, సులువుగా పూర్తి చేయగలవాళ్ళనే చేర్చుకునే బుద్ధి పుట్టవచ్చు. చంటిపిల్లలున్న తల్లులు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళు వెనక్కి పోవచ్చు. ఆ ప్రశ్న కమిటీలో ఎవరో ఒకరు అడగాలి.

ఇక్కడే డీఈఐ వస్తుంది. మనవాళ్ళలో చాలామంది అది నల్లవాళ్ళకూ లాటినో వాళ్ళకూ సంబంధించిన విషయమని పక్కన పెడతారు. అది సరికాదు. నేను చేరిన రోజుల్లో ఇంగ్లీషు, లెక్కల్లో ప్లేస్‌మెంట్ పరీక్ష (ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చేది) ఉండేది. నాతోపాటు రాసినావిడ గుంటూరులో బీకాం చేసింది, పెళ్ళికి ముందు ఆడిటర్ దగ్గర పనిచేసింది. కంప్యూటర్ ముందు కంగారుపడి తప్పులు చేస్తే, ఆవిణ్ణి ఎనిమిదో తరగతి స్థాయి లెక్కల్లో కూర్చోబెట్టారు. ఆ కోర్సులకు డిగ్రీ క్రెడిట్ లేదు, ఫీజు మాత్రం ఉంది. రెండో టర్మ్ తర్వాత మానేసింది. ఆవిడకు లెక్కలు రాకపోవడమేమిటి! 2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చాక ఈ పద్ధతి మారింది. హైస్కూలు మార్కులు చూడాలి, విద్యార్థిని నేరుగా పై కోర్సులో చేర్చాలి, కావాలంటే పక్కనే అదనపు సాయం ఇవ్వాలి. ఈ మార్పు మీద ప్రొఫెసర్లలో ఇప్పటికీ వాదన ఉంది. సాయం సరిగా ఇవ్వకుండా పై క్లాసులో పడేస్తే మునిగిపోతారన్న వాళ్ళ ఆందోళనలో నిజముంది. అయినా నా ఓటు కొత్త పద్ధతికే, ఆ బీకాం చదివినావిడ వల్ల.

డబ్బుతో కూడా దీనికి ముడి ఉంది. 2018 నుంచి కాలేజీలకు రాష్ట్రం ఇచ్చే ప్రధాన నిధిలో దాదాపు 70 శాతం విద్యార్థుల సంఖ్యను బట్టి, 20 శాతం పెల్, ఫీజు మాఫీ లాంటి సాయం పొందేవాళ్ళ సంఖ్యను బట్టి, 10 శాతం చదువు పూర్తిచేసినవాళ్ళను బట్టి లెక్కేస్తారు. అంటే అర్హత ఉన్న విద్యార్థి ఫారం నింపకపోతే ఆ మనిషికీ నష్టమే, కాలేజీకీ నష్టమే. ఫారం నింపడానికి సాయపడే గుమాస్తా పోస్టును పొదుపు పేరుతో తీసేద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే, ఈ లెక్క గుర్తుచేయండి. మీరు అకౌంటింగ్ చదువుతున్నారు, మీకిది నోటితో చెప్పగలిగినంత సులువు.

2025 నుంచి ఈ రంగంలో గాలి మారింది. ఫిబ్రవరిలో ఫెడరల్ విద్యాశాఖ డీఈఐ కార్యక్రమాల మీద గట్టి హెచ్చరిక పంపింది. సెప్టెంబరులో, ఏదో ఒక వర్గం విద్యార్థులు నిర్దిష్ట శాతం ఉన్న కాలేజీలకిచ్చే గ్రాంట్లలో సుమారు 35 కోట్ల డాలర్లు ఆపేసింది. ఆసియా మూలాల విద్యార్థులు కనీసం 10 శాతం ఉన్న కాలేజీలకిచ్చే గ్రాంటూ అందులో ఉంది. ఆ 10 శాతంలో మన పిల్లలూ లెక్కకొస్తారు. కాబట్టి ప్రెసిడెంట్ లేఖలో "కార్యక్రమాలను పునర్వ్యవస్థీకరిస్తున్నాం" అన్న వాక్యం కనిపిస్తే ఆగి చదవండి. ట్యూటరింగ్ సెంటర్ గంటలు తగ్గాయా, కౌన్సెలర్ పోయారా అని అడగండి. పేరు మారితే పరవాలేదు, పని ఆగిపోతే ఇబ్బంది.

ఇక షేర్డ్ గవర్నెన్స్. మన దగ్గర డిగ్రీ కాలేజీలో ప్రిన్సిపాల్ సర్క్యులర్ నోటీసు బోర్డు మీద పెడితే అదే ఆఖరి మాట. నేనలాంటి చోట చదివే వచ్చాను కాబట్టి ఇక్కడి పద్ధతి నమ్మడానికి నాకు సమయం పట్టింది. 1988లో కాలిఫోర్నియాలో ఏబీ 1725 అనే చట్టం చేశారు. దాని ప్రకారం చదువుకు సంబంధించిన పదకొండు విషయాల్లో కాలేజీ బోర్డు అధ్యాపకుల అకడమిక్ సెనేట్‌ను సంప్రదించి తీరాలి. సిలబస్, గ్రేడింగ్, కొత్త కోర్సులు, ప్రోగ్రామ్ సమీక్ష, బడ్జెట్ తయారయ్యే పద్ధతి అన్నీ అందులోవే. దీన్నే అందరూ "టెన్ ప్లస్ వన్" అంటారు, మొదటి మీటింగ్‌లోనే వింటారు. విద్యార్థులకు ఇలాంటిదే "నైన్ ప్లస్ వన్" ఉంది. ఏ కోర్సు మొదలుపెట్టాలి, ఏది ఆపేయాలి, గ్రేడింగ్, ఫీజులు, విద్యార్థి సేవలు, బడ్జెట్ పద్ధతి వగైరాల్లో విద్యార్థులు పాల్గొనే అవకాశం ఇవ్వకుండా బోర్డు నిర్ణయం తీసుకోకూడదు. అందులో పౌరసత్వం ప్రసక్తి లేదు. మీరు విద్యార్థి, అంతే. మీరు కూర్చోవడం ఎవరి దయా కాదు.

అయితే ఇది మంత్రదండం కాదు. కమిటీ చేసేది సిఫారసు, చివరి నిర్ణయం ఎన్నికైన ట్రస్టీల బోర్డుది. ఒక్కో విషయం ఏడాది నలుగుతుంది. కొన్ని చోట్ల ముందే తేల్చుకుని కమిటీకి చూపించడానికి మాత్రమే తెస్తారు, అది కూడా చూశాను. కానీ ఈ పద్ధతి చెడిపోతే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ చూపించింది. 2012లో గుర్తింపు సంస్థ దాన్ని తప్పుపట్టింది బోధన బాగా లేదని కాదు, ఆర్థిక నిల్వలు చాలవని, ఎవరి బాధ్యత ఏమిటో పాలనలో స్పష్టత లేదని. 2013లో గుర్తింపు రద్దు చేస్తామంది. ఎన్నికైన బోర్డును పక్కన పెట్టి రాష్ట్రం ప్రత్యేక ట్రస్టీని నియమించింది. కోర్టు కేసులు నడిచి, 2017 జనవరిలో గుర్తింపు పూర్తిగా నిలిచేసరికి వేలాది విద్యార్థులు వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ అంత సులువుగా రాలేదు.

మీ యాస గురించి భయపడ్డారు. ఈ 116 కాలేజీల వ్యవస్థకంతటికీ 2023 జూన్‌లో చాన్సలర్‌ అయిన సోన్యా క్రిస్టియన్ కేరళ నుంచి వచ్చినావిడ. బేకర్స్‌ఫీల్డ్ కాలేజీలో లెక్కలు చెబుతూ మొదలుపెట్టారు. మీ ఉచ్చారణ అక్కడెవరికీ అడ్డు కాదు.

చేయాల్సిన పనులు కొన్ని. ప్రెసిడెంట్ లేఖను ఇకనుంచి తెరవండి. పొగడ్తలు, ఫోటోలు దాటేసి మూడు చూడండి: ఏ నిధి ఎప్పటికి ఖర్చుపెట్టాలి, ఏ కోర్సులు సమీక్షలో ఉన్నాయి, ఏ విషయం ఏ కమిటీకి ఏ తేదీన వస్తోంది. ట్రస్టీల బోర్డు, అకడమిక్ సెనేట్ మామూలు సమావేశాల ఎజెండా 72 గంటల ముందే అందరికీ కనబడేలా పెట్టాలని బహిరంగ సమావేశాల చట్టమైన బ్రౌన్ యాక్ట్ చెబుతోంది. సమావేశంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు కూడా. కమిటీకి వెళ్ళేముందు ఎజెండా చదివి, మీతో చదివేవాళ్ళను ఇద్దరు ముగ్గురిని అడగండి. మొదట్లో పొట్టి పేర్లు వర్షంలా కురుస్తాయి. ఎఫ్‌టీఈఎస్ అంటే పూర్తికాలం లెక్కకు మార్చిన విద్యార్థుల సంఖ్య, డబ్బులో ఎక్కువ భాగం దాని చుట్టూనే. మిగిలినవి అర్థం కాకపోతే అక్కడే అడగండి, మీతోపాటు అర్థం కాని ఇంకో నలుగురు లోలోపల మీకు దణ్ణం పెట్టుకుంటారు. ఏదైనా సంఖ్య చూపించి కోర్సు తీసేద్దామంటే, మానేసినవాళ్ళను ఎందుకు మానేశారో అడిగారా అని అడగండి. నేను అన్నిటికన్నా ఎక్కువ వాడిన ప్రశ్న అదే.

వీసా విషయంలో ఒక జాగ్రత్త. జీతం లేకుండా విద్యార్థి ప్రతినిధిగా కూర్చోవడం ఉద్యోగం కాదు. కానీ కొన్ని కాలేజీలు ప్రతినిధులకు కొంత భత్యం ఇస్తాయి. మీకు ఈఏడీ లేకపోతే ఆ డబ్బు తీసుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కనుక్కోండి. లేదా భత్యం వద్దని ముందే రాసివ్వండి, సీటు అలాగే ఉంటుంది.

నియామకం చేసేది సాధారణంగా విద్యార్థి సంఘం, ప్రొఫెసర్ కాదు. కాబట్టి ఈ వారమే స్టూడెంట్ లైఫ్ ఆఫీసుకు మెయిల్ పెట్టి ఆ సీటు అడగండి. స్కూలు వేళతో ఇబ్బంది ఉంటే అందులోనే రాయండి, జూమ్‌లో చేరనిస్తారా, సమయం అరగంట జరుపుతారా అని. మా కమిటీ అలాగే ఒక తల్లి అడిగితే మూడున్నర నుంచి ఒంటిగంటకు మారింది, ఇప్పటికీ ఒంటిగంటకే జరుగుతోంది.