సోలార్ బ్యాటరీ కొనే ముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

వేళచ్చేరి, చెన్నై.

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ రెండుసార్లు చదివాను. టెర్రస్ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు, కింద 10 యూనిట్ల లిథియం బ్యాటరీ, తమిళుల ఆడి మాసం తగ్గింపు శనివారంతో సరి. ఫోన్‌లో చెబుదామంటే చంటివాడు నిన్ను రెండు నిమిషాలు కూర్చోనివ్వడు. అందుకే రాస్తున్నాను, మా అల్లుడబ్బాయికీ చదివి వినిపించు. ప్యానెళ్ళకి నిశ్చింతగా సరే అనండి. బ్యాటరీకి మాత్రం శనివారం సంతకం పెట్టకండి. వద్దని కాదు, మీ ఇంటికి అది కావాలనే నేనంటాను. ఎందుకు కావాలో మీకు తెలిస్తే ఎంతది కొనాలో, ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది. ఆ సోలార్ కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు అదొక్కటి తప్ప అన్నీ చెప్పాడు.

మా ఇంట్లో ఏం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానప్పుడు నువ్వు పురిటికి విజయవాడలో ఉన్నావు. మూడో తారీఖు రాత్రి పట్టిన వాన నాలుగంతా కురిసింది. మధ్యాహ్నానికి కింద కార్లు పెట్టే చోటంతా నిండి నీళ్ళు మూడో మెట్టుకి వచ్చాయి. ఎవరికీ షాక్ కొట్టకూడదని వీధికి కరెంటు ముందే ఆపేశారు. ఇన్వర్టర్ ఉంది కదా అని మేం ధైర్యంగా ఉన్నాం. 2012లో చెన్నైలో రోజూ రెండు గంటలు కోత పెట్టినప్పుడు కొన్నది అది, దాని ట్యూబులర్ బ్యాటరీ మెట్ల కిందే ఉండేది. మీ పెదనాన్న టార్చి వేసి చూసేసరికి బ్యాటరీ మూతల మీద నీటి మట్టం చూపించే ఎర్ర బుడిపెలు కూడా బురద నీళ్ళలో మునిగిపోతున్నాయి. మూతల సందుల్లోంచి సన్నగా బుడగలు, ముక్కు మండే వాసన. ఇద్దరం గబగబా పైకి వచ్చేశాం.

మర్నాడు తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ తెరిపిచ్చి ఎండ వచ్చింది. నేను టెర్రస్ మీదికి వెళ్ళాను. అంతకు ఏడాది ముందు పెట్టించిన ప్యానెళ్ళు కడిగిన అద్దాల్లా మెరుస్తున్నాయి. మంచి ఎండలో రోజుకి 12 యూనిట్లు ఇచ్చేవి ఆ రోజు ఒక్క బల్బు వెలిగించలేదు. ఫ్రిజ్‌లో మీ పెదనాన్న ఇన్సులిన్ వేడెక్కుతోంది. దాన్ని మట్టికుండలో పెట్టి, కుండకి తడిగుడ్డ చుట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా తడుపుతూ మూడు రోజులు కాపాడుకున్నాం. నెత్తిన అంత ఎండ పెట్టుకుని ఆ కుండ దగ్గర కూర్చున్న బాధ నాకు ఇంకా పోలేదు.

ఎందుకు పని చెయ్యలేదో చెబుతాను, ఇది అందరికీ తెలియాలి. మామూలు సోలార్ ఇన్వర్టర్ బయటి కరెంటుని చూసుకుంటూ దానితో కలిసి నడుస్తుంది. బయట కరెంటు పోగానే అది కూడా ఆగిపోవాలి. లేకపోతే మన టెర్రస్ కరెంటు వీధి తీగలోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు. అది ఉండి తీరాల్సిన రక్షణే. మాకు పెట్టినవాళ్ళు ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మేం వేరేగా ఏర్పాటు చేసుకునేవాళ్ళం. బయట కరెంటు లేనప్పుడు కూడా ప్యానెళ్ళు ఇంటికి పనికి రావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ ఉండాలి. అప్పుడు ఇల్లు వీధి లైను నుంచి విడిపోయి తన పాటికి తాను నడుస్తుంది, పగలు ఎండకి బ్యాటరీ నిండుతుంది. మీ కొటేషన్‌లో హైబ్రిడ్ అని రాసి ఉంది, మంచిదే. అయినా పని పూర్తయిన రోజు మధ్యాహ్నం నువ్వే మెయిన్ ఆఫ్ చేసి అరగంట చూడు. ఫ్యాను తిరగడం ఒక్కటే చాలదు, ప్యానెళ్ళ నుంచి బ్యాటరీలోకి కరెంటు వస్తున్నట్టు తెరమీద అంకె కదలాలి. అది చూశాకే చివరి డబ్బు ఇవ్వు.

ఇక బ్యాటరీ పెడితే బిల్లు సున్నా అవుతుందని ఆ కుర్రాడు అన్నాడన్నావు. బిల్లు తగ్గించేది ప్యానెళ్ళు. మనకి ఇక్కడ నెట్ మీటరు ఉంది. పగలు మిగిలిన యూనిట్లు ఈబీ, అదే కరెంటు బోర్డు, లైనులోకి పోతాయి, రాత్రి వాడుకున్నవి అందులోంచి తీసేసి రెండు నెలలకోసారి లెక్క కడతారు. అంటే మనం వేరే కొనక్కర్లేని బ్యాటరీ ఈబీ లైనే. అదే కరెంటుని ఇంట్లో బ్యాటరీలో పోసి తీస్తే పదో వంతు దాకా దారిలోనే పోతుంది. కేంద్రం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి సబ్సిడీగా వచ్చే 78,000 రూపాయలు కూడా ప్యానెళ్ళ లెక్క మీదే, బ్యాటరీకి వేరే ఏమీ కలవదు. కాబట్టి దాని ఖరీదు ఇన్నేళ్ళలో తిరిగి వస్తుందనే కాగితం ఎవరు చూపించినా మడిచి పక్కన పెట్టు.

శాన్ హోసేలో మీ అన్నయ్య పెట్టించుకున్నాడు కదా అంటావేమో. అక్కడి లెక్క వేరు. 2023 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా ప్యానెళ్ళు పెట్టినవాళ్ళు లైనులోకి ఇచ్చే కరెంటుకి ధర ముప్పాతిక వంతు దాకా తగ్గించేశారు. పగటి కరెంటు చవగ్గా ఇచ్చి రాత్రి ఖరీదుగా కొనే బదులు దాచుకోవడమే వాళ్ళకి లాభం. ఆస్ట్రేలియాలో 2025 జులై నుంచి ఇంటి బ్యాటరీల మీద దాదాపు 30 శాతం ప్రభుత్వమే భరిస్తోంది. జర్మనీలో ఇలాంటి ఇళ్ళు పది లక్షలు దాటాయి. 2015లో టెస్లా తన గోడ బ్యాటరీ ప్రకటించిన వారంలోనే 38,000 మంది పేర్లు రాయించుకున్నారు. ఆ ఉత్సాహం చూస్తే నాకు నిజంగా సంతోషం, ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పినదాన్ని. కానీ వాళ్ళ కారణం మనది కాదు. మన కారణం డిసెంబరు. 2015 వరద, 2016లో వర్దా, 2023లో మిగ్‌జాం, ఇలా కరెంటు రోజుల తరబడి లేని రాత్రులు మనకి వస్తూనే ఉన్నాయి. ఆ రాత్రుల కోసం కొను.

అలా అనుకుంటే 10 యూనిట్లు అక్కర్లేదు. కాగితం పెన్ను తీసుకుని, కరెంటు పోయిన రాత్రి ఏవి ఆగకూడదో రాయి. మీ ఇంటికి నేను వేసిన లెక్క ఇది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 30 వాట్లు, పది గంటలకి 0.9 యూనిట్. ఫ్రిజ్ రాత్రంతా అర యూనిట్. నాలుగు లైట్లు, వైఫై కలిపి 0.3. మీ అత్తగారి నెబ్యులైజర్ రెండుసార్లు పెట్టినా 0.1 దాటదు. అంతా కలిపి రెండు యూనిట్ల లోపే. 5 యూనిట్ల బ్యాటరీ అయితే, ఎండే రాకపోయినా, పొదుపుగా వాడుకుంటే ఒక రాత్రి, మర్నాటి పగలు, మళ్ళీ రాత్రి గడుస్తాయి. ఎండ వస్తే ఇక బెంగే లేదు. మీ ఇంట్లో ఇప్పుడున్న పాత ఫ్యాన్లు 75 వాట్లవి, అవే ఉంటే ఫ్యాన్లకే రెండు యూనిట్లు దాటుతాయి. ముందు ఫ్యాన్లు మార్చు, అది బ్యాటరీ పెంచుకోవడం కన్నా చాలా చవక. ఏసీని బ్యాకప్ లైనులో కలపకు. గంటకి యూనిట్ దాకా తాగేస్తుంది. తర్వాత కావాలంటే పక్కన ఇంకొకటి తగిలించుకునే రకం తీసుకో.

మోటారు సంగతి వేరే చెప్పాలి. వరదలో కరెంటు కన్నా నీళ్ళకే ఎక్కువ అల్లాడతాం. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు కిలోవాటు దగ్గరే అయినా స్టార్టయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అయితే అక్కడే ట్రిప్ అవుతుంది. మీ మోటారు మీద రాసి ఉన్నదంతా ఫోటో తీసి ఇన్వర్టర్ వాళ్ళకి చూపించు, స్టార్ట్ చేసి చూపించమను. కుదరకపోతే తుఫాను హెచ్చరిక రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకోవడమే.

రకం విషయంలో కొటేషన్ సరిగ్గానే ఉంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. పాత ట్యూబులర్ 150 ఏహెచ్ అంటే పేరుకి 1.8 యూనిట్లు, చెడిపోకుండా వాడుకోగలిగేది అందులో సగమే. నీళ్ళు పొయ్యాలి, ఆవిర్లు భరించాలి. దీనిలో పదింటికి తొమ్మిది పాళ్ళ దాకా వాడుకోవచ్చు. బ్యాటరీ భద్రతకి ఇచ్చే ఐఈసీ 62619 సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకో. వారంటీ పదేళ్ళు అంటే సరిపోదు, పదేళ్ళ చివర ఎంత శక్తి మిగలాలో, ఎంత వేడి వరకు వర్తిస్తుందో ఆ చిన్న అక్షరాలు అబ్బాయిని చదవమను. మన ఎండలకి ఆ వేడి షరతే ముఖ్యం.

అందుకే పెట్టే చోటు చూసుకోవాలి. కొటేషన్ బొమ్మలో మెట్ల కింద చూపించారు. అక్కడ ససేమిరా వద్దు. ఒకటి నీళ్ళు, రెండు, ఏదైనా జరిగితే మీరు బయటికి పరిగెత్తాల్సిన దారి అదే. పడమటి ఎండ కొట్టే గోడ వద్దు, పడకగది, వంటగది వద్దు. మిగ్‌జాం తర్వాత మేం కొన్న బ్యాటరీని మేడ మీద, బట్టలు ఉతికే చోట తూర్పు గోడకి పెట్టించాం. అది 50 కిలోల దాకా ఉంటుంది, గట్టి ఇటుక గోడే కావాలి. బిగించే రోజు నేను దగ్గరే నిలబడ్డాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు కేబుల్ కొసని మామూలు స్పానర్‌తో తిప్పి సరిపోయిందన్నాడు. ఎంత బిగించాలో కొలిచి చెప్పే టార్క్ రెంచి తెమ్మన్నాను. మర్నాడు తెచ్చి పెడితే ఇంకో పావు వంతు తిరిగి అప్పుడు టక్కుమంది. ఆ పావు వంతు వదులే కొన్నాళ్ళకి వేడెక్కి నల్లబడేది. నువ్వూ ఆ శబ్దం విను.

మీ అత్తగారి భయం గురించి రాశావు. ఆవిడని నవ్వులాటకి తీసుకోకండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. మన వాళ్ళందరి మనసులో అదే ఉంది, ఉండాలి కూడా. మీరు పెట్టేది అంత తేలిగ్గా వేడికి లొంగే రకం కాదు, కుదుపులకి తిరిగేదీ కాదు, ఒక్కో సెల్‌ని కనిపెట్టి ఆపేసే బీఎంఎస్ లోపలే ఉంటుంది, అని నెమ్మదిగా చెప్పు. అస్సలు అంటుకోదని మాత్రం ఒట్టు పెట్టకు, అది అబద్ధం. పొగ వస్తే ఏ స్విచ్ ఆపాలో ఆవిడ చేత్తోనే ఒకసారి ఆపించు, ఆపే వీల్లేకపోతే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చెయ్యాలని చెప్పు. మా పనమ్మాయికి నేను అలాగే నేర్పాను. ఆ రోజు నుంచి తనే దాని మీద దుమ్ము తుడుస్తుంది.

వీధి వాళ్ళకీ ముందే చెప్పు. మాకు బిగించిన వారం పక్కింటాయన గోడ దగ్గర నిలబడి, ఇదేదో మా పిల్లల గదికి దగ్గరగా ఉందే అన్నారు. పైకి పిలిచి చూపించాను, కాఫీ ఇచ్చాను, మధ్యలో ఎంత దూరం ఉందో టేపుతో కొలిచాం. తర్వాతి వానాకాలం ఓ రాత్రి కరెంటు పోయి మా ఒక్క ఇంట్లోనే లైటు వెలిగింది. చీకట్లో కూర్చున్నవాళ్ళకి అది కంట్లో పడుతుంది బుజ్జీ. అప్పట్నుంచి కరెంటు పోగానే ముందు వసారాలో ఆరు సాకెట్ల బోర్డు పెడతాను. వీధిలో వాళ్ళు ఫోన్లు తగిలించి పోతారు. ఒక ఫోన్‌కి ఎంత పడుతుంది, పదిహేను వాట్ల గంట. పక్కింటాయన ఇప్పుడు తనకీ ఒకటి కావాలని మా కొటేషన్ అడిగి తీసుకున్నారు.

మామూలు రోజుల్లో రాత్రికి బ్యాటరీలో సగం మిగిలేలా రిజర్వు పెట్టుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక వినగానే దాన్ని వందకి మార్చండి, ముసురు పట్టాక ప్యానెళ్ళ మీద ఆశ పెట్టుకోవడానికి ఉండదు. ఇన్వర్టర్ మార్చినట్టు ఈబీ సెక్షన్ ఆఫీసులో కాగితం ఇవ్వడం మరిచిపోకండి.

శనివారం అతను వచ్చే ముందు ఒక పని చెయ్యి. ముడిచూరులో మీ వీధి చివరి పాత ఇంటి ప్రహరీ మీద 2015 నీళ్ళ చార ఇంకా ఉందని అబ్బాయి గృహప్రవేశం రోజు చూపించాడు. టేపు పట్టుకెళ్ళి రోడ్డు నుంచి ఆ చార ఎంత ఎత్తుందో కొలిచి, ఫోటోతో పంపు. మీ గోడ మీద ఎక్కడ మేకు కొట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం.

చంటివాడికి ముద్దులు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ పెద్దమ్మ