యూనివర్సిటీలో సోలార్, బయోగ్యాస్ పనులకు పైసలు ఎక్కడినుంచి తేవాలె? ముందు కరెంటు బిల్లు తెరవండి

అడిగిన ప్రశ్న ఇది: "వరంగల్‌ల ఉన్న మా యూనివర్సిటీలో సోలార్, బయోగ్యాస్, మొక్కలు, నీటి పొదుపు లాంటి పనులు చేద్దామంటే బడ్జెట్ లేదంటున్నరు. నిధులు ఎట్ల తేవాలె?"

అందరూ చెప్పే జవాబు సీఎస్ఆర్, అంటే కంపెనీలు తమ లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. దాని సంగతి కూడా చెప్త, కానీ మొదటి రూపాయి కోసం కంపెనీ గడప తొక్కే పని లేదు. అది మీ హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులోనే ఉన్నది. ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గరనో, ఎలక్ట్రికల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరనో 24 నెలల బిల్లులు తీసుకొని రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. ఒకటి సీఎండీ, అంటే డిస్కంతో (కరెంటు పంపిణీ సంస్థతో) ఒప్పుకున్న గరిష్ఠ డిమాండ్. రెండోది ఆర్ఎండీ, అంటే ఆ నెలల మీటర్ల నిజంగ నమోదైన డిమాండ్. మన దగ్గర డిమాండ్ చార్జీ ఆర్ఎండీ మీద గానీ, సీఎండీలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద పడతది. ఎప్పుడో కొత్త బ్లాకులు వస్తయని సీఎండీ పెంచి పెట్టుకుంటరు, బ్లాకులు రావు, చార్జీ మాత్రం నెలనెలా పోతనే ఉంటది.

లెక్క చూడండి. సీఎండీ 600 కేవీఏ (డిమాండ్‌ను కొలిచే కొలత) ఉన్నదనుకుందాం. ఏప్రిల్, మే నెలలల్ల ఆర్ఎండీ 390, మిగతా నెలలల్ల 350 దాటదు. అయినా 480కి కడుతున్నరు. సీఎండీని 450కి తగ్గించుకుంటే కనీసం కట్టాల్సింది 360కి. కేవీఏకు నెలకు 500 రూపాయలు వేసుకుంటే పది నెలలు 60 వేల చొప్పున, రెండు నెలలు 45 వేల చొప్పున, ఏడాదికి 6 లక్షల 90 వేలు మిగులుతయి. దీనికి పెట్టుబడి ఒక దరఖాస్తు. జాగ్రత్త ఏందంటే, తగ్గించిన సీఎండీ మళ్లీ పెంచాలంటే డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలె. రెండేళ్లల్ల కొత్త హాస్టల్ వచ్చేది నిజమైతే ఆ లోడు కలిపి లెక్క కట్టండి. ఎండకాలంల వచ్చే గరిష్ఠ డిమాండ్ మీద కనీసం పది శాతం వెసులుబాటు ఉంచండి, సీఎండీ దాటితే పెనాల్టీ పడతది.

ఆ 6.9 లక్షలు ఫ్యాన్ల మీద పెట్టండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారుది) 30 లోపే. రోజుకు 12 గంటలు, ఏడాదికి 270 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు 146 యూనిట్లు మిగులుతయి. యూనిట్ 7 రూపాయలు అనుకున్నా వెయ్యి రూపాయల పైమాట. ఫ్యాన్ 3 వేలు అనుకుంటే మొదటి ఏడాది 230 ఫ్యాన్లు వస్తయి. రెండో ఏడాది డిమాండ్ చార్జీల మిగులుకు ఫ్యాన్ల మిగులు కలిసి 9.2 లక్షలు అయితది, మరో 300 ఫ్యాన్లు. మూడో ఏడాది చివరికి 900 దాటుతయి. బయటివాళ్లను ఒక్క రూపాయి అడగకుండ. కొనేటప్పుడు గోడ రెగ్యులేటర్‌తో నడిచే మోడలే కొనండి. రిమోట్ ఫ్యాన్లు హాస్టల్‌ల పనికిరావు, వారం తిరగకముందే రిమోట్ పోతది. మామూలు మోడల్‌ను పాత రెగ్యులేటర్‌కు కలిపి బిగిస్తే లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతది, వారంటీ కూడా వర్తించదని కంపెనీ అంటది. వందకు ఐదు బోర్డులు స్పేర్ల ఉండాలె.

ఇదంతా నిలబడేది ఒక్క తీర్మానం మీద. కరెంటు బిల్లు తగ్గితే ఆ మిగులు ఎటు పోతది? మామూలుగ జనరల్ ఖాతాల కలిసి జీతాలల్ల, పెన్షన్లల్ల కరిగిపోతది. వచ్చే ఏడాది బడ్జెట్‌ల కరెంటు పద్దు కూడా అంత మేర కోసేస్తరు. పొదుపు చేసినోడికే శిక్ష. అందుకే మొదటి ఫ్యాన్ బిగించకముందే ఫైనాన్స్ కమిటీల, తర్వాత పాలక మండలిల ఈ మాట రాయించండి: ఫలానా 12 నెలల సగటు బిల్లును ఆధారంగా తీసుకొని, తగ్గిన మొత్తాన్నంతా ఐదేళ్ల పాటు ప్రతి మూడు నెలలకు ఒకసారి వేరే బ్యాంకు ఖాతాల జమ చేయాలె. టారిఫ్ మారితే యూనిట్ల లెక్కన సరిచూడాలె. ఈ చివరి వాక్యం మరువొద్దు. రేటు పెరిగినంక "బిల్లు తగ్గనే లేదు గద" అని ఫైలు వెనక్కి పంపుతరు. హార్వర్డ్ లాంటి డబ్బున్న యూనివర్సిటీ కూడా ఇట్లనే, పొదుపులోంచి తిరిగి కట్టించుకునే లోన్ ఫండ్ నడిపింది.

ఇగ సీఎస్ఆర్. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలె. పర్యావరణం ఆ చట్టం షెడ్యూల్ 7ల, అంటే సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితాల ఉన్నది. మన వైపు సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ లాంటి పెద్ద సంస్థలు ఉన్నయి. చాలామంది ఫిబ్రవరి ఆఖరుల ఉరుకుతరు, అప్పటికి ప్లాన్ అయిపోయి ఉంటది. డిసెంబర్‌ల కలిస్తే వచ్చే ఏప్రిల్ వార్షిక ప్రణాళికల పేరు ఎక్కుతది. ఇంకొకటి, శాసనసభ చట్టం కింద ఏర్పడ్డ యూనివర్సిటీ తన పేరు మీదనే సీఎస్ఆర్-1 ఫారం నింపి రిజిస్ట్రేషన్ నంబర్ తెచ్చుకోవచ్చు. నడుమ ఒక ఎన్జీవోను పెట్టి దాని చేతుల పైసలు పోయాల్సిన పని లేదు. అడిగేటప్పుడు యంత్రం ఒక్కటే కాదు, ఐదేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా కలిపి అడగండి. అమెరికాల ఉన్న పూర్వ విద్యార్థులు ఇస్తమంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు అడగండి. భారత పౌరుడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి పంపేది మాత్రం ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) లెక్కల చూడాలె.

సీఎస్ఆర్ బోర్డు పెట్టుకొని చచ్చిపోయిన బయోగ్యాస్ ప్లాంట్లను చూస్తే కడుపు తరుక్కుపోతది. 500 మంది మెస్‌ల ఎంగిలి, కూరగాయల తొక్కు కలిపి రోజుకు 80 కిలోలు తేలికగ వస్తది. దానికి 7 ఘనపు మీటర్ల గ్యాస్, అంటే 3 కిలోల ఎల్‌పీజీ. ఆరు రోజులకు ఒక 19 కిలోల సిలిండర్, నెలకు ఐదు. మొదలుపెట్టేటప్పుడు ట్యాంకు నిండా పేడ నీళ్లు పోసి మూడు, నాలుగు వారాలు ముట్టుకోవద్దు. తర్వాత రోజుకు పది కిలోలతో మొదలుపెట్టి మెల్లగ పెంచాలె. అసలు ప్రమాదం సెలవులు అయినంక. దసరాకు హాస్టల్ ఖాళీ అయితది, ప్లాంటు ఆకలితో ఉంటది. తిరిగొచ్చిన మొదటిరోజే మెస్ వాళ్లు 80 కిలోలు గుమ్మరిస్తరు. మూడో రోజుకు పుల్లటి వాసన, మంట అంటుకోదు, ట్యాంకు ఆమ్లమైపోతది. పీహెచ్ కాగితం పెట్టి చూడండి, 6.8 నుంచి 7.5 నడుమ ఉంటే బాగున్నట్టు. 6.5 కన్న తగ్గితే వేసుడు ఆపి, సున్నపు తేట కొద్దికొద్దిగ పోస్తూ, పేడ నీళ్లు కలిపి పది రోజులు ఓపిక పట్టాలె. సెలవులల్ల వారానికి ఒక బకెట్ పేడ నీళ్లు పోసే మనిషి ఉంటే ఇంతదాకా రాదు.

నిమ్మచెక్కలు, చింతపండు పిప్పి, ఆదివారం చికెన్ బొక్కలు, గుడ్డు పెంకులు వద్దు. నేల కడిగిన ఫినాయిల్ నీళ్లు ఒక్క బకెట్ చాలు, సూక్ష్మజీవులు చస్తయి. గ్యాస్ పైపు వాలున్న చోట నీరు దిగే ట్రాప్ పెట్టకపోతే మంట ఎగిరెగిరి పడతది. ఎల్‌పీజీ బర్నర్ జెట్ రంధ్రం పెద్దది చేయకపోతే అన్నం ఉడకదు.

మరి ప్లాంటును చూసుకునే ఆ మనిషి జీతం ఎవరియ్యాలె? ఇక్కడనే అందరూ తప్పు లెక్క వేస్తరు. ప్లాంటుకు పైసలు యూనివర్సిటీయో, కంపెనీయో పెడతది, సిలిండర్ల ఖర్చు మాత్రం విద్యార్థుల మెస్ బిల్లుల పడేది. అంటే మిగిలేది విద్యార్థులకు. కనుక నెలకు ఐదు సిలిండర్ల విలువలోంచి పూటపని మనిషికి మెస్ ఖాతా నుంచే ఇయ్యాలని మెస్ కమిటీ తీర్మానించాలె. యూనివర్సిటీ అవుట్‌సోర్సింగ్ పోస్టు కోసం ఎదురుచూస్తే ప్లాంటు ఎండిపోతది.

సోలార్‌కు పెట్టుబడి లేకుంటే రెస్కో పద్ధతి ఉన్నది. డెవలపర్ తన పైసలతో బిగిస్తడు, మీరు యూనిట్‌కు ఇంత అని 25 ఏళ్లు కడుతరు. కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు కావాలె, ఏడాదికి 1,400 యూనిట్ల దాకా వస్తది. ఒప్పందంల స్లాబ్ రిపేరు కోసం ప్యానెళ్లు ఎవరి ఖర్చుతో దించాలె, ఎండకాలం సెలవులల్ల వాడకున్నా కనీసం ఇన్ని యూనిట్లకు కట్టాలన్న షరతు ఉందా, ఈ రెండూ చదవకుండ సంతకం వద్దు. హాస్టల్ లోడు రాత్రి 7 నుంచి 10 నడుమ శిఖరానికి చేరుతది, కాబట్టి సోలార్ పెట్టినంత మాత్రాన సీఎండీ తగ్గదు. వరంగల్, కరీంనగర్‌లల్ల కోతులు ప్యానెల్ కింద వైర్లు గుంజుతయి. కేబుళ్లు మొత్తం జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపులల్ల వేయాలని టెండర్‌లనే రాయండి. పాత స్లాబుకు రంధ్రాలు కొట్టనియ్యొద్దు, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమనండి.

మొక్కల గురించి కూడా ఒక మాట. హరితహారం మొదలైన 2015 నుంచి క్యాంపస్‌లల్ల నాటిన మొక్కలకు లెక్క లేదు, బతికినవి ఏవో కంటికి కనబడుతనే ఉన్నయి. నాటుడుకు నిధులు దొరుకుతయి, నీళ్లకు దొరకవు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వారాలు, మొక్కకు వారానికి 20 లీటర్లు కావాలె. 500 మొక్కలకు వారానికి 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు, ఎండకాలానికి 40. ఇది మూడేళ్లు సాగాలె. ఆ 120 ట్యాంకర్ల ఖర్చు ఎస్టిమేట్‌ల లేకపోతే, ఆ ఫైలును 500 నుంచి 100 మొక్కలకు తగ్గించి పంపండి.