ఫలితం తేలకముందే చీనీ తోటను బేరానికి పెట్టకండి

ప్రశ్న: నేను తాడిపత్రి దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిని. వయసు 54. మా అమ్మాయి అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్ చేసి, బెంగళూరులో ఒక సౌర విద్యుత్ సంస్థలో మూడేళ్లుగా ఉద్యోగం చేస్తోంది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ కోసం చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు పోటీ పడతానంటోంది. అది రాకపోయినా ఎలాగైనా పంపాలని నా భార్య పట్టుదల. మాకు 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 6 లక్షల పీపీఎఫ్, తాడిపత్రిలో సొంత ఇల్లు, ఊళ్లో నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉన్నాయి. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఒక కన్సల్టెన్సీ వారు 1.2 లక్షలు కడితే స్కాలర్‌షిప్ పని అంతా చూసుకుంటామంటున్నారు. రెండెకరాలు అమ్మి డబ్బు సిద్ధం చేసుకోవాలా?

జవాబు: అమ్మవద్దు. చీవ్‌నింగ్ వస్తే కోర్సు ఫీజు, నెలనెలా జీవన భృతి, విమాన ఛార్జీలు, వీసా ఖర్చు బ్రిటన్ ప్రభుత్వమే భరిస్తుంది కనుక మీ తోటతో పని ఉండదు. రాకపోతే సొంత డబ్బుతో పంపాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ మీ ఇంట్లో ఒకే ముడిగా వేసుకున్నారు. ముందు దాన్ని విప్పండి.

పోటీకి అయ్యే ఖర్చు నిజానికి తక్కువే. దరఖాస్తు రుసుము లేదు. డిగ్రీ తరువాత కనీసం 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. మూడేళ్ల ఉద్యోగంతో ఆ అర్హత అమ్మాయికి ఉంది. విశ్వవిద్యాలయాలు కోరే ఐఈఎల్‌టీఎస్ ఆంగ్ల పరీక్ష, మార్కుల పత్రాల నకళ్లు, పాస్‌పోర్టు, ఇంటర్వ్యూ ప్రయాణం అన్నీ కలిపినా ఆమె జీతంలో మిగిలే సొమ్ముతోనే సరిపోతాయి. ఆ పరీక్ష ఫలితం రెండేళ్లు చెల్లుతుంది కనుక, ఈసారి రాకపోతే మరుసటి ఏడాది మళ్లీ ప్రయత్నించడానికి కొత్తగా పెద్ద ఖర్చేమీ ఉండదు.

కన్సల్టెన్సీకి 1.2 లక్షలు ఇవ్వడం నాకు బొత్తిగా సమ్మతం కాదు. ఈ ఎంపికలో బరువంతా నాయకత్వం, పరిచయాల నిర్మాణం, బ్రిటన్‌లోనే ఎందుకు చదవాలి, తిరిగి వచ్చి ఏం చేయాలి అనే నాలుగు వ్యాసాల మీద ఉంటుంది. ఇంటర్వ్యూలో వాటి మీదే తరచి తరచి అడుగుతారు. ఎన్.పి.కుంట వంటి చోట సౌర ఫలకాల కోసం భూమి ఇచ్చిన రైతుల దగ్గర కూర్చుని భూమి లెక్కలు మాట్లాడిన అనుభవం మీ అమ్మాయికి ఉంటే, దానిని ఆమె తన మాటల్లో రాయాలి గాని, పది మందికి ఒకే మూసలో రాసిపెట్టేవారు రాయలేరు. డబ్బు తీసుకుని స్కాలర్‌షిప్ ఇప్పిస్తామనేవారిని గడప బయటే ఆపండి.

అసలు చిక్కు తేదీల దగ్గర వస్తుంది. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి, ఇంటర్వ్యూలు ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య జరుగుతాయి, తుది ఫలితం వేసవి గడిచే వేళకు గాని తేలదు. ఈలోగా సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయం కొన్ని వేల పౌండ్ల డిపాజిట్ కట్టమని గడువు పెడుతుంది. కుటుంబాలు తొందరపడి పొలాలు అమ్మేది ఆ గడువు చూసే. అలాంటి ఉత్తరం వచ్చిన రోజునే, చీవ్‌నింగ్ ఫలితం కోసం వేచి ఉన్నాను, గడువు పొడిగించండి అని అమ్మాయి ప్రవేశాల విభాగానికి రాయాలి. వారు ఒప్పుకోకపోతే, కట్టే ముందు తిరిగి ఇచ్చే నిబంధన చదవండి. వీసా నిరాకరించినప్పుడు తప్ప మిగతా సందర్భాల్లో డబ్బు వెనక్కి ఇవ్వని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ అవసరానికి మీ 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మొత్తంగా రద్దు చేయకుండా, ఇప్పుడే దాన్ని మూడు రసీదులుగా విడదీసి, ఒకటి తక్కువ కాలానికి వేసుకోండి. వీసా కోసం ఖాతాలో 28 రోజులు సొమ్ము చూపాలని రెండు రూపాయల వడ్డీకి తెచ్చే పద్ధతి మన వైపు ఉంది. అది ఏడాదికి 24 శాతం, పైగా అధికారులు ఆ సొమ్ము ఎక్కడిదని అడిగితే జవాబు ఉండదు.

సీటుతో పాటు మూడు నాలుగు వేల పౌండ్ల ‘మెరిట్ స్కాలర్‌షిప్’ ఉత్తరం కూడా రావచ్చు. దాన్ని ఫీజులో తగ్గింపుగా మాత్రమే చూడండి. ఫీజు, బస కలిపి ఖర్చు 30 లక్షలు దాటడం మామూలే కనుక, తగ్గింపు పోను మిగిలేది ఇంకా పెద్ద మొత్తమే. 25 లక్షల రుణం 10.5 శాతం వడ్డీకి పదేళ్ల కాలానికి తీసుకుంటే, చదువు సాగే నాళ్ల వడ్డీ కలపకుండానే నెలకు సుమారు 33,700 వాయిదా పడుతుంది. బెంగళూరు జీతం మీద అది కట్టగలదా అని అమ్మాయినే లెక్క వేయమనండి. కట్టలేకపోతే ఆ ఏడాది వెళ్లకుండా మళ్లీ పోటీ పడడమే నా సలహా, మీ భార్యగారికి ఇది రుచించకపోయినా సరే.

రుణమే తీసుకోవలసి వస్తే, 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా స్థిరాస్తి తాకట్టు అడుగుతాయి. బాకీ తీర్చకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి బ్యాంకులు తోటను తీసుకోవడానికి ఇష్టపడవు. మీ ఇల్లే పనికొస్తుంది. దస్తావేజులు, లింకు పత్రాలు, ఈసీ (ఆస్తి మీద అప్పులేమైనా ఉన్నాయా అని చూపే పత్రం) ఇప్పుడే సరిచూసుకోండి. పల్లెలోని సాగుభూమి అమ్మితే మూలధన లాభాల పన్ను పడదన్నది నిజమే గాని, కాపు మీదున్న చీనీ చెట్లను అవసరానికి అమ్మితే కొనేవాడు చెప్పిందే ధర. మళ్లీ నాటితే కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి.

పీపీఎఫ్ అబ్బాయి ఇంజినీరింగ్ కోసం ఉంచండి. చీవ్‌నింగ్ పొందినవారు చదువయ్యాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలి కాబట్టి, పౌండ్లలో జీతం వస్తుందన్న ధైర్యంతో ఆ స్కాలర్‌షిప్‌కు తోడుగా ఏ అప్పూ చేయవద్దు. స్కాలర్‌షిప్ లేకుండా రుణం తీసుకునే పక్షంలో మాత్రం అమ్మాయిని ప్రధాన రుణగ్రహీతగా పెట్టండి. వడ్డీపై ఎనిమిదేళ్ల వరకు దొరికే పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది కనుక, ఏ విధానం ఎంచుకోవాలో ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది లెక్క చూసుకోవచ్చు.