మొదటి లిమిటెడ్ బ్యాచ్ బీరు పెట్టబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన రెసిపీ చదివా. రుషికొండ వైపు అంత మంచి బ్రూపబ్‌లో (బీరు అక్కడే కాచి అమ్మే చోటు) 200 లీటర్ల ట్యాంకు నీ చేతిలో పెట్టి నీ ఇష్టం అన్నారంటే నాకెంత సంతోషంగా ఉందో, వెంటనే మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పా. కానీ ఆ లిస్ట్ ఏంటమ్మా, స్టౌట్‌లో, అంటే ఆ నల్లటి చిక్కటి బీరులో, అరకు కాఫీ, అనకాపల్లి బెల్లం, దాల్చినచెక్క, వెనిలా, చివర్లో కొబ్బరి కూడానా. ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తీసెయ్. తాగినవాళ్ళకి ఏది అరకో ఏది అనకాపల్లో తెలీనప్పుడు బోర్డు మీద ఆ పేర్లు రాసి ఏం లాభం. నన్నడిగితే కాఫీ ఉంచు.

బెల్లం ఎందుకు వద్దంటున్నానంటే, అందులో ఎక్కువ భాగం సుక్రోజే (మామూలు చక్కెర), బీరుని పులియబెట్టే ఈస్ట్ దాన్ని దాదాపు మొత్తం తినేస్తుంది, తీపి మిగలదు. 200 లీటర్లకి 5 కిలోలు వేశావనుకో, ఆల్కహాల్ ఇంచుమించు ఒక శాతం పెరుగుతుంది, బీరు మాత్రం నోట్లో పల్చబడుతుంది. నీకు కావాల్సింది చిక్కగా ఉండే స్టౌట్ కదా, అలాంటప్పుడు బెల్లం నీకు ఎదురు పనిచేస్తుంది. సంక్రాంతి టైంకి కొత్త బెల్లం వచ్చినప్పుడు దానికోసమే వేరే బీరు పెట్టుకుందువు, అప్పుడు కూడా తెల్లగా మెరిసేది కొనకు, హైడ్రోస్ అనే రసాయనం వేసి తెలుపు చేస్తారు, నల్లబెల్లం అడుగు, ఆ రుచే బీరులో మిగిలేది.

ఇప్పుడు అసలు సంగతి. కాఫీ వెయ్యకముందు ఆ స్టౌట్‌ని అలాగే గ్లాసులో పోసిస్తే ఇంకోటి పొయ్యమనేలా ఉండాలి. కాఫీ వాసన మొదటి రోజుల్లో అన్నిటినీ కప్పేస్తుంది, తర్వాత అది తగ్గుతూ వస్తుంది, అప్పుడు కింద ఉన్న తప్పులన్నీ బయటపడతాయ్. అందుకని నీళ్ళ దగ్గర్నుంచి చూసుకో. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది తీయకుండా బ్రూ చేస్తే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది, ఇంక దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. కార్బన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడుగు, అడగడానికి మొహమాటపడకు. మాష్‌ని, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వేడినీళ్ళలో నానే దశని, 68 డిగ్రీల దగ్గర పట్టు, 65 దగ్గర పడితే ఈస్ట్ తినే చక్కెరలు ఎక్కువై బాడీ, అంటే చిక్కదనం, తగ్గుతుంది. ఈ స్టౌట్‌కి 18 నుంచి 20 మధ్య ఫెర్మెంట్ చేస్తే చాలు, కాకపోతే మన వైజాగ్ ఉక్కలో రూం టెంపరేచర్ చూసి మోసపోవద్దు, ఫెర్మెంటేషన్ మంచి ఊపులో ఉన్నప్పుడు ట్యాంకు లోపల బయటకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, కాబట్టి లోపలి ప్రోబ్ చూపించేదే చూడు. కరెంటు పోతే ట్యాంకుని చల్లబరిచే చిల్లర్ జనరేటర్ మీద నడుస్తుందో లేదో బ్రూ రోజుకి ముందే కనుక్కో.

గ్రావిటీ, అంటే బీరు సాంద్రత, వరసగా మూడు రోజులు కదలకుండా ఉంటే అయిపోయినట్టే, కానీ వెంటనే చల్లబెట్టెయ్యకు. కొంచెం బీరు మూతపెట్టిన సీసాలో తీసుకుని 60 డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడు. వెన్నో పాప్‌కార్నో గుర్తొచ్చిందంటే ఆ వాసనిచ్చే డయాసిటిల్ అనే పదార్థం ఇంకా ఉంది, ఈస్ట్‌ని ఇంకో రెండు రోజులు పని చేసుకోనీ. ఓనరుగారు శుక్రవారం రిలీజ్ అని పోస్టర్ వేయించేసి ఉంటారు, అయినా సరే ఆపు. ఆపగలగాలి నువ్వు. ఈ మాట చెప్పడానికే చాలావరకు ఈ ఉత్తరం రాస్తున్నా.

కాఫీ గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఇందులో నీ పనితనం కనపడాలి. అరకు అరబికాకి 2019లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న గుర్తింపు) వచ్చింది, సిల్వర్ ఓక్ నీడలో, ఆ చెట్ల మీదే మిరియాల తీగలు పాకించి మన గిరిజన రైతులు పెంచే గింజ అది, దాన్ని నల్లగా మాడ్చి వాడితే అన్యాయం. స్టౌట్‌లో రోస్టెడ్ మాల్ట్ చేదు ఎలాగూ ఉంటుంది, అందుకే కాఫీ మీడియం రోస్ట్ తీసుకో, పొడి చెయ్యకు, గింజ గింజలాగే శానిటైజ్ చేసిన మెష్ సంచిలో కట్టి చల్లబడ్డ బీరులోకి దింపు. లీటరుకి 4 గ్రాములతో మొదలెట్టు, అంటే నీ ట్యాంకుకి 800 గ్రాములు. పన్నెండు గంటల తర్వాత ఒకసారి, ఇరవై నాలుగు గంటలకి ఒకసారి రుచి చూసి, బావుంది అనిపించిన క్షణాన తీసెయ్, ఇంకొంచెం ఉంచుదాం అనుకోవద్దు. అసలు అంతకంటే ముందే లీటరు పట్టే నాలుగు సీసాల్లో నాలుగు రకాల డోసు వేసి, మీ బార్‌లో వాళ్ళకి ఏది ఎంతో చెప్పకుండా రుచి చూపించు, వాళ్ళ మొహాలు చూస్తేనే నీకు సగం తెలిసిపోతుంది.

ఈ రకం బీరు నిలవ ఉండదు. వారాలు గడిచేకొద్దీ కాఫీ వాసన పోయి పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. అందుకే కెగ్గుల్ని (బీరు నింపే పీపాల్ని) ముందు కార్బన్ డయాక్సైడ్‌తో గాలి లేకుండా చేసి నింపు, 3-4 డిగ్రీల్లో పెట్టు, నెల లోపే అమ్మెయ్. గ్లాసులోకి మాత్రం అంత చల్లగా వద్దు, 10 డిగ్రీలకి దగ్గర్లో ఇస్తేనే వాసన తెలుస్తుంది, చిన్న గ్లాసుల్లో ఇవ్వండి. బోర్డు మీద కెగ్గులో నింపిన తేదీ, ఆల్కహాల్ శాతం, కాఫీ ఉందన్న సంగతి రాయండి, లాక్టోజ్ (పాల చక్కెర) గనక వేస్తే అది తప్పకుండా రాయాలి, పాలు పడనివాళ్ళు ఉంటారు. లైసెన్స్‌లో రాసిన శాతం దాటకుండా చూసుకో. బీచ్ రోడ్డు మీద బండి నడుపుకుంటూ ఇంటికెళ్ళాల్సినవాళ్ళకి శాంపిల్ కూడా పొయ్యొద్దని స్టాఫ్‌కి చెప్పు.

లిమిటెడ్ అన్న పేరు వాడుతున్నావ్ కాబట్టి ఇదొకటి. బెల్జియంలో వెస్ట్‌వ్లెటెరెన్ సన్యాసులు వాళ్ళ మఠం ఖర్చులకి కావాల్సినంతే బీరు కాస్తారు, ప్రపంచమంతా అడిగినా దానికి తగ్గట్టు పెంచలేదు. కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ళు ప్లినీ ది యంగర్ అనే బీరుని 2005 నుంచి ఏడాదికోసారే తీస్తారు, దానికోసం జనం లైన్లో గంటలకొద్దీ నిలబడతారు. వాళ్ళ బీరు బావుంటుంది కాబట్టే ఆ లైన్లు. నీ 200 లీటర్లు అయిపోయాక డిమాండ్ ఉంది కదా అని మామూలు స్టౌట్‌లో కాఫీ డికాషన్ కలిపి అదే పేరుతో అమ్ముదామంటారు, ఒప్పుకోకు. అలాగే బ్యాచ్ పుల్లబడినా, తడి అట్టముక్క వాసన వచ్చినా డ్రెయిన్‌లో పోసెయ్, డిస్కౌంట్‌లో ఇచ్చెయ్యడాలు వద్దు.

ఇది బాగా వచ్చిందా, వానాకాలానికి సింహాచలం అనాసపళ్ళతో వీట్ బీర్ (గోధుమ బీరు) పెడదాం. ఏటంటే పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్లని తినేసి బీరు మీద నురుగు నిలవనివ్వదు, కాబట్టి రసాన్ని 80 డిగ్రీలదాకా వేడిచేసి చల్లార్చి వెయ్యాలి, వేశాక అందులోని చక్కెర మళ్ళీ పులుస్తుంది గనక అది పూర్తిగా అయ్యేదాకా కెగ్గు నింపకూడదు. దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందైతే మాల్ట్ లెక్క, ఈస్ట్ పేరు, నీళ్ళ రిపోర్టు మూడూ నాకు వాట్సాప్‌లో పెట్టు, అవి చూడకుండా ఆర్డర్ ఇవ్వకు. కాఫీ ట్రయల్ ఏ రోజో చెప్తే నేనే వస్తా, ఆ రోజు పొద్దున్నుంచి ఆవకాయ, ఉల్లిపాయ ముట్టకు, సెంటు కూడా కొట్టుకోకు.

మీ మావయ్య