ఇంగ్లాండ్‌లో కాథలిక్ రాజు కాకూడదనే రూల్ ఎందుకు పెట్టారు, ఇప్పటికీ ఉందా?

ఉందండి. గద్దె ఎవరికి దక్కాలో చెప్పే 1701 నాటి సెటిల్‌మెంట్ చట్టం ఇంకా నడుస్తోంది. 2015 నుంచి కాథలిక్‌ని పెళ్లి చేసుకుంటే పర్లేదు గానీ తను మాత్రం కాథలిక్ అవ్వకూడదు. ఎందుకు పెట్టారో నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో.

ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది జూలై 11 రాత్రి మా వీధి చివర చెక్క ప్యాలెట్లు మూడంతస్తుల ఎత్తు పేర్చి అంటించారు, నేను మన భోగి మంటలాంటిదేమో అనుకుని మావాడిని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లా. పక్కింటి పెద్దాయన ప్రొటెస్టెంటు, రేపు బోయిన్ యుద్ధం పండగ, 1690లో ఇక్కడ ఐర్లండ్‌లోనే ప్రొటెస్టెంటు రాజు విలియం, తను గద్దె దింపిన కాథలిక్ రాజు జేమ్స్‌ని ఓడించాడు అన్నారు. వాళ్లిద్దరూ ఏమవుతారండీ అని అడిగా. విలియం వాళ్లమ్మకి తమ్ముడే జేమ్స్ అట, మళ్లీ ఆ జేమ్స్ కూతురు మేరీనే విలియం చేసుకున్నాడట. అంటే అచ్చంగా మేనరికం! సొంత మేనమామ, పైగా పిల్లనిచ్చిన మామ, ఆయన్నే గద్దె దింపేశాడు.

జేమ్స్ కాథలిక్ అయినా మొదట్లో జనం సర్దుకుపోయారు, ఎందుకంటే కూతుళ్లు మేరీ, ఆన్ ఇద్దరూ ప్రొటెస్టెంట్లుగానే పెరిగారు, ఈయన తర్వాత వాళ్లే కదా అనుకున్నారు. 1688 జూన్‌లో రెండో భార్యకి కొడుకు పుట్టాడు, ఆవిడా కాథలిక్కే, ఇక ముందంతా కాథలిక్ రాజులే అని భయం పట్టుకుంది. ఆ బిడ్డ రాణికి పుట్టలేదు, పక్క వెచ్చబెట్టే నిప్పుల పళ్లెంలో దాచి గదిలోకి తెచ్చారు అని పుకారు కూడా లేపారు. నన్నడిగితే ఆ పసివాడు పుట్టకపోతే ఏ విప్లవమూ లేదు, ముసలాయన పోయేదాకా ఆగేవాళ్లు.

విలియం అలా జేమ్స్‌ని దింపేయడాన్నే మనకి స్కూల్లో "రక్తరహిత విప్లవం" అని బట్టీ పట్టించారు, అది తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. లండన్‌లో పారలేదేమో గానీ ఐర్లండ్‌లో పారింది. 1689లో డెర్రీ కోటని జేమ్స్ సైన్యం 105 రోజులు ముట్టడిస్తే లోపలున్న విలియం పక్షం జనం కుక్కల్ని, ఎలకల్ని తిన్నారు, ఆకలికీ రోగాలకీ వేలమంది పోయారు. అది ఒక్క లైను కూడా రాయలేదు మన పుస్తకంలో.

విలియం, మేరీలకి పిల్లల్లేరు, వాళ్ల తర్వాత వరసలో ఉన్న ఆన్ పిల్లలెవరూ బతకలేదు. అందుకే ఆ 1701 చట్టం పెట్టి, వరసలో ముందున్న యాభై మందికి పైగా కాథలిక్కుల్ని దాటేసి 1714లో జర్మనీ నుంచి ప్రొటెస్టెంటు బంధువు జార్జిని రాజుగా తెచ్చుకున్నారు.

ఆ రాత్రి మంట పైన, ఇక్కడి కాథలిక్కులు చాలామంది తమదనుకునే ఐర్లండ్ జెండా కట్టారు. అది అంటుకోగానే అందరూ అరుస్తున్నారు, మావాడేమో "ఆ జెండా మా క్లాసు అబ్బాయి వాళ్లింటి మీద ఉంటుంది కదా నాన్నా, ఎందుకు కాలుస్తున్నారు" అన్నాడు. వాణ్ని దించి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశా.