పేక పంచేవాడు కళ్ల ముందే ఎలా మోసం చేస్తాడు?

చిత్తూరు దగ్గర మామిడి తోపులో మూడు ముక్కలాట ఆడి డబ్బు పోగొట్టుకున్న కుర్రాడొకడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. పోకర్‌లోనైనా మూడు ముక్కలాటలోనైనా కిటుకు ఒకటే.

ఆట అయ్యాక ముక్కలు ఏరేటప్పుడే రెండు ఆసులు పేక అడుగుకు చేరతాయి. కలిపేటప్పుడు పైవే కదులుతాయి, అడుగువి అలాగే ఉంటాయి. మనకు పంచేది పైముక్క. తన వంతు రాగానే ఎడమచేతి బొటనవేలు పైముక్కను కాస్త జరిపి మళ్లీ వెనక్కి లాగుతుంది, ఆ క్షణంలోనే కుడిచేతి వేళ్లు అడుగు ముక్కను లాగేస్తాయి. బాగా సాధన చేసినవాడి చేతిలో ఇది కంటికి ఆనదు. చప్పుడులో మాత్రం చిన్న తేడా వినిపించవచ్చు.

మరి కట్ చేస్తే, అంటే పేకను కోసి కింది భాగాన్ని పైకి పెడితే? అతడు ముందే ఆసులను పేక మధ్యకు తెచ్చి, అక్కడ ఒక ముక్కను సన్నగా వంచి పెడతాడు. పక్కనున్న తోడుదొంగ సరిగ్గా అక్కడే కోస్తాడు, ఆసులు మళ్లీ అడుగుకే వస్తాయి. నన్నడిగితే చేతివాటం కన్నా ఈ ఇద్దరి కూడబలుక్కోవడమే ప్రమాదం.

పోకర్ గదుల్లో పేక అడుగున ప్లాస్టిక్ ముక్క పెట్టేది ఇందుకే. అడుగు ముక్క కనపడదు, లాగడమూ కష్టం.